అనూప్ నడుము మీది చారలు

ముందుగా చదివేవారికి ఒక మనవి. నేను అక్షరాలు దిద్దుకున్నది మా ఆయన పోయిన తరువాత, అరవై దాటాక. వత్తులు తప్పుతాయి. శకీ సకీ మధ్య తగవు నాకింకా తీరలేదు. రాయడం కూడా నిదానమే, ఈ ఒక్క కథకి వేసవి అంతా పట్టింది. తప్పులుంటే మీరే దిద్దుకుని చదవండి, విసుక్కోకండి.

ఆ ఆదివారం పొద్దున జ్ఞానప్రసూనగారు తలపెట్టిన పని చాలా చిన్నది. మనవడికి నువ్వులనూనెతో తలంటాలి, తరువాత వేడివేడిగా పెసరట్టు వేసి పెట్టాలి. అంతకుమించి ఆవిడ మనసులో ఏమీ లేదు. కొడుకు రఘు, కోడలు మనీషాతో ఆవిడ అమెరికాలో, క్యారీ అనే ఊళ్ళో ఉంటున్నారు. ఆ ఇంట్లో వంటగది ఆవిడదీ, మిగిలిన గదులన్నీ లాప్‌టాప్‌లవీ.

మనవడు అనూప్‌కి పద్నాలుగేళ్ళు. నిరుడు నానమ్మ భుజం దాకా ఉన్న పిల్లాడు, ఈ వేసవికి వంటింటి పై అలమరలో డబ్బాలు స్టూలు లేకుండా దించుతున్నాడు. మనీషా కొన్న పాంట్లు ఒక్క ఉతుకు పడేలోపు పొట్టివైపోతున్నాయి. "వీడికి బట్టలు దండగ, దుప్పటి చుట్టేద్దాం" అనేవాడు రఘు. అంత పొడవు పెరిగినవాడు, ఎందుకో ఈ వేసవంతా ఇంట్లో కూడా చొక్కా విప్పడం మానేశాడు. తలంటు అంటే తప్పించుకు తిరుగుతున్నాడు.

"తల ఒక్కటే నానమ్మా. షర్ట్ తియ్యను," అన్నాడు, ఇంటి వెనక చెక్క అరుగులాంటి డెక్ మీద స్టూలు వేసుకుని కూర్చుని.

"షర్టుకి నూనె అంటితే మీ అమ్మ నన్నంటుంది. తియ్యి."

"నో."

"పెసరట్టులో అల్లం వెయ్యనా, ఉల్లిపాయ వెయ్యనా?"

"రెండూ."

"అయితే తియ్యి."

ఆకలి ముందు అనూప్ పట్టుదల ఎంతోసేపు నిలవలేదు. చొక్కా తీశాడు. జ్ఞానప్రసూనగారు నూనె గిన్నెతో వెనక్కి వచ్చి అక్కడే ఆగిపోయారు. పిల్లాడి నడుము వెనక ఎర్రగా, కొంచెం ఊదాగా, అడ్డంగా చారలున్నాయి. ఒకదాని కింద ఒకటి, ఎవరో కూర్చుని గీసినట్టు. ఎడమవైపు నుంచి కొన్ని వచ్చాయి, కుడివైపు నుంచి కొన్ని వచ్చాయి. మధ్యలో వెన్నుపూస దగ్గర మాత్రం ఖాళీ ఉంది.

ఆవిడ చిన్నప్పుడు సామర్లకోటలో వాళ్ళ వీధిలో ఒకాయనకి ఇలాగే నడుము చుట్టూ ఎర్రగా లేచింది. సర్పి అన్నారు. పాములా నడుముని చుట్టుకుంటూ వస్తుందనీ, తలా తోకా కలిశాయంటే మనిషి దక్కడనీ పెద్దవాళ్ళు చెప్పుకోగా విన్నారు. దానికి తోడు వాళ్ళమ్మ నేర్పిన నియమం ఒకటుంది. ఆ జబ్బు ఉన్న ఇంట్లో దాని పేరెత్తకూడదు. పేరు వింటే అది పొంగిపోయి ఇంకా తొందరగా పాకుతుందట. తరువాత జరిగినదంతా ఆ నియమం వల్లే జరిగింది.

"నొప్పిగా ఉందా నాన్నా?"

"నో. కొంచెం దురద."

"ఎప్పట్నుంచి?"

"సమ్మర్ స్టార్ట్ అయినప్పట్నుంచి. నానమ్మా, ప్లీజ్, అమ్మకి చెప్పకు. నాన్నకి చెప్పకు. సాటర్‌డే రిలే ఉంది."

కాలనీ ఈతకొలనులో పిల్లల జట్టు ఉంది. రిలే అంటే నలుగురు పిల్లలు ఒకరి తరువాత ఒకరు ఈదే పందెం. మూడు వేసవులు ఒడ్డున కూర్చుని చప్పట్లు కొట్టిన అనూప్‌కి, ఆ నలుగురిలో చోటు దొరకడం ఇదే మొదటిసారి. ఒంటి మీద ఏదో ఉందని తెలిస్తే కోచ్ నీళ్ళలో దిగనివ్వడని వాడి భయం. రోజూ ప్రాక్టీసుకి ఎండ పేరు చెప్పి ఈత చొక్కా వేసుకుంటున్నాడు. పందెం రోజున అది కుదరదు.

"శనివారం లోపల తగ్గిస్తాను," అన్నారు జ్ఞానప్రసూనగారు. "నువ్వు నోరు మూసుకో, నేనూ మూసుకుంటాను."

"ఇది ఏంటి నానమ్మా?"

"పేరు అడగకు. పాము జాతిది."

"స్నేక్?" అన్నాడు అనూప్. వాడి మొహం ఒక్కసారిగా వెలిగింది. జబ్బు సంగతి విని పిల్లాడు అంత సంతోషపడటం ఏమిటో ఆవిడకి శనివారం దాకా అర్థం కాలేదు.

మందు లేకుండా ఎలా అని ఆవిడ ముందు కోడలి దగ్గరకి వెళ్ళారు. మనీషా ఆదివారం కూడా ఏదో ఆఫీసు పని చూసుకుంటోంది.

"పిల్లాడికి కాస్త వేడి చేసిందమ్మా. ఒళ్ళు దురదగా ఉందిట."

"ఫ్రిజ్ పక్కన డబ్బాలో ట్యూబ్ ఉంది అత్తయ్యా, రాసెయ్యండి," అంది మనీషా, తెర మీద నుంచి కళ్ళు తిప్పకుండా.

ఆ ట్యూబు సంగతి తెలుగువాళ్ళకి వేరే చెప్పక్కరలేదు. ఇండియా నుంచి వచ్చే ప్రతి సూట్‌కేసులోనూ ఆవకాయ పక్కన అది ప్రయాణం చేస్తుంది. దోమ కుట్టినా అదే, చెమటకాయ లేచినా అదే, చెప్పు కరిచినా అదే. పేరు ఎవరికీ గుర్తుండదు, మూత రంగుని బట్టి వెతుక్కుంటారు. జ్ఞానప్రసూనగారు ఆ ట్యూబు పొద్దున పూట రాశారు. కానీ పాము జాతి దానికి ట్యూబు మీద ఆవిడకి నమ్మకం లేదు. తులసి కుండీకి పూయడానికి సామర్లకోట నుంచి తెచ్చుకున్న జాజు పొట్లం దేవుడి గూట్లో ఉంది. వాళ్ళ వీధి ఆయనకి అప్పట్లో ఎర్రగా జాజే పూశారు. అనూప్ చిన్నప్పుడు బొమ్మలకి రంగులు వేసిన కుంచె వెతికి తీసి, సాయంత్రం పూట ఒక్కొక్క చార మీదా జాజు పూయడం మొదలుపెట్టారు. వాడు పొద్దున్నే షవర్ కింద రుద్దుకుని, పైన ఈత చొక్కా వేసుకుని ప్రాక్టీసుకి పోయేవాడు.

ఇక స్నానం నీళ్ళలోకి వేపాకు కావాలి. క్యారీలో వాళ్ళకి తెలిసిన వేపచెట్టు ఒక్కటే, డాక్టర్ రామమోహనరావుగారి ఇంట్లో అద్దాల గదిలో కుండీలో ఉన్నది. ఆయన, ఊళ్ళో ఇండియన్ కొట్టు కూడా లేని రోజుల్లో వచ్చి స్థిరపడిన ఎముకల డాక్టరు, ఇప్పుడు రిటైరయ్యారు. అయినా జ్వరానికీ, షుగరుకీ, పిల్లల పంటికీ అందరూ ఆయన్నే అడుగుతారు. ఆయన కూతురు రచన చర్మవ్యాధుల డాక్టరు, పక్క ఊళ్ళోనే క్లినిక్ ఉంది. ఆమెని మాత్రం ఎవరూ ఏదీ అడగరు. ఎంత చదివినా మన కళ్ళముందు గౌను వేసుకుని తిరిగిన పిల్లే కదా అని.

జ్ఞానప్రసూనగారు రామమోహనరావుగారి భార్య శారదకి ఫోన్ చేశారు.

"శారదా, నాలుగు వేప రెమ్మలు కావాలి."

"ఎందుకు వదినగారూ?"

"ఊరికే."

"ఊరికే వేపాకు ఎవరడుగుతారు? ఇంట్లో ఎవరికైనా బాగాలేదా?"

"పిల్లాడికి స్నానం నీళ్ళలోకి. ఇంకేమీ అడక్కు. పేరెత్తకూడదు."

శారద ఫోన్ పెట్టేసి కాసేపు ఆలోచించింది. వేపాకు, స్నానం, పిల్లాడు, పేరెత్తకూడదు. ఇంకేం కావాలి? ఆ ఇంట్లో అమ్మవారు పోసింది. ఆమె రెమ్మలు కోసి సంచిలో పెట్టుకుని వెళ్ళి, గుమ్మం ముందు పెట్టి, గంట కొట్టకుండా తలుపుకి రెండు చేతులా దణ్ణం పెట్టుకుని, వెనక్కి వెనక్కి నడిచి కారెక్కింది.

తలుపు మీది కెమెరా ఇదంతా రఘు ఫోనుకి పంపింది. అతను మేడ మీద నుంచి దిగి వచ్చాడు.

"మనీషా, శారద ఆంటీ మన తలుపుకి దణ్ణం పెట్టి వెళ్ళింది."

"ఎందుకు?"

"తెలీదు. జాలిగా కూడా చూసింది."

"నిన్నా?"

"తలుపుని."

రఘు పనిచేసేది మందుల కంపెనీలో, సాఫ్ట్‌వేర్ పని. నెల కిందట పక్క టీములో సగం మందిని తీసేశారు. తరువాత ఎవరి వంతో అని అతను లోపల లోపలే నలుగుతున్నాడు, ఇంట్లో చెప్పలేదు. ఇప్పుడు ఊళ్ళో పెద్దావిడ వచ్చి ఇంటి తలుపుకి దణ్ణం పెట్టి పోయిందంటే, ఆ కబురు తనకంటే ముందు ఊరికి తెలిసిందన్నమాట. అతనికి ఆ రోజు పెసరట్టు దిగలేదు.

మనీషా ఆ శుక్రవారం నాలుగు కుటుంబాలని భోజనానికి పిలిచి ఉంది. బుధవారం నుంచి మెసేజీలు రావడం మొదలైంది. ఒకరికి కారు బాగాలేదు. ఒకరికి కడుపు బాగాలేదు. ఒకరికి అకస్మాత్తుగా చార్లెట్‌లో పని పడింది. నాలుగో ఆవిడ, "మా పిల్లలు చిన్నవాళ్ళు కదా మనీషా, ఏమీ అనుకోకు, తల్లి చల్లగా చూడాలి," అని రాసి రెండు చేతుల బొమ్మ పెట్టింది.

"ఏ తల్లి?" అంది మనీషా, ఫోను రఘు మొహం ముందు పెట్టి. "నేనా?"

శుక్రవారం సాయంత్రం బల్ల మీద అందరికీ సరిపడా గుత్తివంకాయ, పులిహోర, పెరుగువడలు ఉన్నాయి. తినేవాళ్ళు నలుగురు.

"రఘూ, నిజం చెప్పు. నీ జాబ్ పోయిందా?"

"నీకెవరు చెప్పారు?"

"అంటే పోయిందా!"

"పోలేదు. పోతుందని ఎవరైనా అంటున్నారా?"

"ఎవరూ ఏమీ అనట్లేదు. మనింటికి రావట్లేదు, అంతే. పోతే వీసా సంగతేంటి? అప్పుడెళ్ళి పాకింగ్ మొదలుపెట్టాలా?"

"పోలేదన్నాను కదా!"

"మరి ముద్ద దిగట్లేదేం?"

ఇదంతా వింటూ జ్ఞానప్రసూనగారు అన్నంలో వేళ్ళు పెట్టి కూర్చున్నారు. ఒక్క మాట చెబితే కొడుకూ కోడలూ తేలికపడతారేమో. కానీ చెబితే పేరెత్తాలి. పేరెత్తితే అది పాకుతుంది. అసలు ఆవిడ బాధ వేరే ఉంది. ఆదివారం వెన్నుపూస దగ్గర అరచెయ్యి పట్టేంత ఖాళీ ఉండేది. మంగళవారానికి మూడు వేళ్ళే పట్టాయి. ఈ రోజు చూస్తే ఒక్క వేలు. రోజూ జాజు పూసేటప్పుడు కుంచె ఇటూ అటూ జారుతోందనీ, పొద్దున షవర్‌కి పోని జాజు మరక కూడా పాము పొడవులోకే చేరుతోందనీ ఆవిడకి తట్టలేదు.

అనూప్ పులిహోర రెండోసారి వడ్డించుకున్నాడు. "వాళ్ళు రాకపోతే మంచిదే. లెఫ్టోవర్స్," అన్నాడు.

శనివారం తెల్లవారుతుండగా ఆవిడ చివరి ప్రయత్నం చేశారు. నీళ్ళలో కలిపిన జాజు కొలనులో నిలవదు కనుక ఈసారి ఆముదంతో చిక్కగా రంగరించారు. అనూప్ బోర్లా పడుకుని ఒళ్ళు తెలియకుండా నిద్రపోతున్నాడు. చొక్కా పైకి జరిపి, తలా తోకా మధ్యలో ఒక గోడ కట్టినట్టు దిట్టంగా పూసి, చొక్కా కిందికి లాగి, దణ్ణం పెట్టుకుని వచ్చేశారు. వాడు లేచి, ఆలస్యమైందని గబగబా సంచి భుజాన వేసుకుని కారెక్కాడు.

కొలను దగ్గర అప్పటికే ఎండ చురుక్కుమంటోంది. ఊళ్ళో సగం తెలుగువాళ్ళు మడతకుర్చీలు వేసుకుని కూర్చున్నారు. రచన కూడా వచ్చింది, ఆమె కూతురు దియ చిన్నపిల్లల పందెంలో ఉంది. మనవరాలి ఈత చూడటానికి శారదా వచ్చింది, ముక్కుకి మాస్క్ కట్టుకుని, రఘు వాళ్ళ కుర్చీలకి వీలైనంత దూరంగా.

అనూప్ చొక్కా విప్పకముందే కోచ్ పిలిచాడు. రిలేలో ఈదే కౌశిక్ వాళ్ళమ్మ రాత్రి అతనికి మెయిల్ రాసింది. అనూప్‌కి అంటుకునే జబ్బేదో పోసిందని ఊరంతా అంటున్నారు, మా పిల్లాడు వాడితోపాటు అదే నీళ్ళలో దిగాలి, ఒకసారి చూడండి అని. కోచ్ మర్యాదగా, నవ్వుతూనే, ఒకసారి చొక్కా తీసి చూపించగలవా అని అడిగాడు. ఎప్పటికైనా తప్పదు కదా అని అనూప్ కళ్ళు మూసుకుని తీసేశాడు.

కోచ్ నవ్వు ఆగిపోయింది. ఎండకి ఆముదం పల్చబడి, నడుము మీది జాజు ధారలు కట్టి తొడల మీదుగా పిక్కల దాకా ఎర్రగా కారింది. ఎవరో విజిల్ ఊదారు. ఎవరో కట్లు కట్టే సంచి తెచ్చారు. నీళ్ళలో ఉన్న పిల్లలని బయటికి రమ్మన్నారు. మనీషా కెవ్వున అరిచి పరుగెత్తింది, వెనకే రఘు.

"ఎవర్రా? ఎవరు కొట్టారు?" అన్నాడు రఘు.

"వెన్నుపూస దగ్గర చూడు నాన్నా!" అని వెనక నుంచి జ్ఞానప్రసూనగారు కేకపెట్టారు. "కలిశాయేమో చూడు!"

"ఏం కలిశాయమ్మా?"

"తలా తోకా!"

"దేనివి?"

"పేరెత్తకూడదు!"

కౌశిక్ వాళ్ళమ్మ కొడుకుని వెనక్కి లాక్కుంటూ, "ఇంత జరుగుతుంటే పిల్లాణ్ణి ఎలా తీసుకొచ్చారండీ? మీ ఇంట్లో అమ్మవారు పోసిందని అందరూ అంటుంటే," అంది.

"మా ఇంట్లోనా? ఎవరన్నారు?" అంది మనీషా.

కుర్చీల్లో ఉన్న తలలన్నీ ఒకే వైపుకి తిరిగాయి. శారద మాస్క్ ఇంకొంచెం పైకి లాక్కుంది.

"నేనెవరితోనూ ఏమీ అనలేదమ్మా. వేపాకు అడిగారని మాత్రం చెప్పాను."

"అమ్మా, ముందు ఆ మాస్క్ తియ్యి," అంటూ రచన వచ్చింది. తడి తువ్వాలు, కొంచెం సబ్బు అడిగి తీసుకుని, అనూప్‌ని గొడుగు నీడలోకి జరిపి, వాడి వెనక మోకాళ్ళ మీద కూర్చుంది. తుడుస్తున్న కొద్దీ జాజు పోయి కింద చారలు బయటపడ్డాయి. ఆమె ఒకసారి వేలితో తడిమి చూసి, అందరినీ నాలుగు అడుగులు వెనక్కి జరగమంది. తరువాత గొంతు తగ్గించి అడిగింది.

"ఈ ఏడాది ఎంత పెరిగావురా?"

"చాలా."

"ఇవేంటో నీకు తెలుసా?"

అనూప్ నేల చూపులు చూశాడు. "తెలుసు ఆంటీ."

"ఎప్పట్నుంచి?"

"జూన్ నుంచి. గూగుల్ చేశాను. అన్నీ బేబీ ఉన్న లేడీస్ పిక్చర్స్ వచ్చాయి."

"మరి నానమ్మకి చెప్పలేదేం?"

"నానమ్మ స్నేక్ అంది. స్నేక్ ఈజ్ బెటర్."

రచన పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకుంది. కానీ కోచ్ అవతల నిలబడి ఉన్నాడు, రిలేకి ముందు ఇంకొక్క పందెమే ఉంది. ఇది ఏమిటో అతనికి చెప్పకపోతే అనూప్‌ని దిగనివ్వడు. చెబితే ఇక్కడున్న అందరికీ తెలుస్తుంది.

"చెప్పమంటావా, వద్దా? నువ్వెలా అంటే అలా," అంది రచన.

అనూప్ అటు చూశాడు. టోపీలు పెట్టుకుని కౌశిక్, మిగతా ఇద్దరు వరసగా నిలబడి ఉన్నారు. నాలుగో చోటు ఖాళీగా ఉంది.

"నేనే చెప్తా," అన్నాడు.

వెళ్ళి కోచ్‌కి చెప్పాడు. మెల్లగా చెప్పాలనే అనుకున్నాడు. భయానికి గొంతు పెద్దదై, "స్ట్రెచ్ మార్క్స్!" అన్న మాట కొలను అవతలి ఒడ్డుకి కూడా వినపడింది.

కోచ్ వెనక్కి తిరిగి, చొక్కా పైకెత్తాడు. అతని నడుము మీద కూడా అడ్డంగా అవే చారలు, తెల్లబడి, మెరుస్తూ. హైస్కూల్లో ఉండగా ఒక్క వేసవిలో జానెడు పెరిగాననీ, అప్పుడు ఇవి వచ్చాయనీ, తన జట్టులో పొడుగు పిల్లలకి సగం మందికి ఉండే ఉంటాయనీ చెప్పాడు.

"ఓ, అవా? నాకు షోల్డర్ మీద ఉన్నాయి," అన్నాడు కౌశిక్, తిరిగి చూపిస్తూ.

మూడోవాడు మోకాళ్ళు చూపించాడు. నాలుగోవాడికి ఎక్కడా ఏవీ లేవు. వాడు తనని తాను అటూ ఇటూ తిప్పి వెతుక్కుని చిన్నబోయాడు.

ఈలోగా రచన చుట్టూ పెద్దవాళ్ళు మూగారు. ఆమె ఒక్కసారే అందరికీ అర్థమయ్యేలా చెప్పింది.

"ఇది జబ్బు కాదు. అంటదు. ఎముకలు తొందరపడి పెరిగాయి, చర్మం లోపలి పొర అంత తొందరగా సాగలేక అక్కడక్కడ చిరుగులు పట్టింది. కడుపుతో ఉన్నప్పుడు వచ్చేవీ, ఒళ్ళు గబగబా పెరిగితే వచ్చేవీ ఇవే. కొంతమందికి ఇవి వంశపారంపర్యంగా కూడా వస్తాయి. ఏడాదికో రెండేళ్ళకో ఎరుపు పోయి తెల్లబడతాయి."

"మందు?" అన్నాడు రఘు.

"పూర్తిగా పోగొట్టేది ఏదీ లేదు. కొత్తగా ఉన్నప్పుడు కొన్ని క్రీములు, తరువాత లేజరూ కొంచెం కనపడకుండా చేస్తాయి. వీడికి ఏదీ అక్కర్లేదు. దురద ఉంటే మామూలు మాయిశ్చరైజర్ రాయండి చాలు."

జ్ఞానప్రసూనగారు ఇంకా తేరుకోలేదు. "అంటే, రఘు కడుపులో ఉన్నప్పుడు నాకొచ్చిన చారలూ..."

"ఇవే ఆంటీ."

"మగపిల్లాడికి కానుపు చారలా!"

"కానుపుకి కాదు ఆంటీ, పొడవుకి."

ఆవిడ కుర్చీలో కూలబడ్డారు. ఇన్నేళ్ళుగా తన ఒంటి మీదే ఉన్నవాటిని మనవడి ఒంటి మీద గుర్తుపట్టలేకపోయారు. తనవి ఎప్పుడో తెల్లబడి కనుమరుగయ్యాయి. ఎర్రగా ఉన్న రోజుల్లో వాటివైపు చూసుకునే తీరిక ఆవిడకి లేదు.

"ఇంతకీ ఏమేం రాశారు?" అడిగింది రచన.

"జాజు. వేపనీళ్ళు. ఆముదం. పొద్దున పూట ట్యూబు."

అన్నిటికీ తలాడించిన రచన చివరి మాట దగ్గర ఆగింది. "ఏ ట్యూబు?"

మనీషా హ్యాండ్‌బ్యాగులోంచి తీసి ఇచ్చింది. అలాంటిదే ఇంకొకటి ఎప్పుడూ ఆమె దగ్గర ఉంటుంది. రచన దాని వెనక ఉన్న చిన్న అక్షరాలు చదివి తల పట్టుకుంది.

"ఆంటీ పూసినవన్నీ సబ్బుతో పోతాయి. ఇది స్టెరాయిడ్ మనీషా. ఊరికే రాస్తూ పోతే చర్మం పల్చబడుతుంది, ఇలాంటి చారలు కొత్తవి వస్తాయి. ఎవరైనా రోజూ వాడుతున్నారా?"

మనీషా అటూ ఇటూ చూసి, గొంతు బాగా తగ్గించింది. "నేను. ఈ చారలకే. అనూప్ పుట్టినప్పటివి. ఇంకా పోవట్లేదు."

"పోవు," అంది రచన, ట్యూబు తన సంచిలో వేసుకుంటూ.

అన్నీ విన్న రఘు మొహం మెల్లగా విప్పారింది. "అయితే మీరంతా రాకపోవడం ఇందుకేనా? నా జాబ్ సంగతి ఎవరికీ తెలీదా?"

శారద మాస్క్ పూర్తిగా తీసేసింది. "ఉద్యోగానికేమైంది బాబూ?"

"ఏమీ లేదాంటీ."

"అలాగా," అంది శారద. ఆమె ఇంకేమీ అడగకపోవడం చూసి రఘు ఫోను తీసి ఆఫీసు మెయిళ్ళు వెతుక్కున్నాడు.

అనూప్‌ని సబ్బుతో కడిగించి జట్టులోకి పంపారు. ఎంత కడిగినా ఆముదం పట్టిన జాజు మొత్తం వదలలేదు. వాడు ఆఖరివాడిగా, జట్టు నాలుగో స్థానంలో ఉండగా నీళ్ళలోకి దూకాడు. వెనక సన్నగా ఎర్రటి చార ఒకటి తోకలా సాగింది. పక్క వరసలో ఈదుతున్న పిల్లాడు అది చూసి ఒక్క క్షణం ఈత మరిచిపోయాడని కొందరు అంటారు. అదేం లేదు, మా వాడి చేతులు పొడుగు అని జ్ఞానప్రసూనగారు అంటారు. ఏదైతేనేం, జట్టు రెండో స్థానంలో వచ్చింది. అనూప్ ఒడ్డెక్కి, తువ్వాలు కూడా కప్పుకోకుండా, అందరి మధ్య నుంచి నడుచుకుంటూ వచ్చి నానమ్మ పక్కన కూర్చున్నాడు.

ఆ సాయంత్రం నాలుగు కుటుంబాలూ వచ్చి శుక్రవారం గుత్తివంకాయ శనివారం తిన్నాయి. కారు బాగైంది, కడుపు బాగైంది, చార్లెట్ పని కూడా అయిపోయింది. శారద గుమ్మం దగ్గర ఆగి, ఈసారి గంట కొట్టి లోపలికి వచ్చింది. రచన తినడం సగంలో ఆపాల్సి వచ్చింది. ఒక్కొక్కరూ వచ్చి పక్కకి పిలిచి తమ తమ ట్యూబులు చూపించడం మొదలుపెట్టారు. రామమోహనరావుగారు పెరుగువడ తింటూ, తనని ఎవరూ ఏమీ అడగని మొదటి విందు ఇదే అన్నారు.

జ్ఞానప్రసూనగారు మిగిలిన జాజు తులసి కుండీకి పూద్దామని మర్నాడు పొట్లం తీశారు. అంతలో అనూప్ ముగ్గురు స్నేహితులని వెంటబెట్టుకుని వచ్చాడు. వచ్చే శనివారం ఇంకో పందెం ఉంది. నలుగురికీ నడుము మీద పాము కావాలి. చారలు లేని నాలుగోవాడికి రెండు పాములు కావాలి. రచనని అడిగితే, ఆముదం కలపకపోతే తనకేమీ అభ్యంతరం లేదంది.

సామర్లకోట నుంచి ఇప్పటికి రెండో పొట్లం కూడా వచ్చింది. తులసి కుండీ మాత్రం ఇంకా మట్టిరంగులోనే ఉంది.

బొడ్డు సూరమ్మ
వయసు డెబ్భై ఒకటి
ప్రస్తుతం మా అమ్మాయి ఇంట్లో, క్యారీ, నార్త్ కరోలినా